పిల్లనిచ్చాం, పేరు కూడా ఎందుకిచ్చాం?

మా పెద్దమ్మాయి పెళ్ళికి తొమ్మిది వందల మందికి భోజనాలు పెట్టాం. చల్లపల్లిలో మాకు తెలిసినవాళ్ళంతా వచ్చారు. ఆల్బమ్ ఎత్తాలంటే రెండు చేతులు కావాలి, వీడియో మూడున్నర గంటలు. ఇన్ని ఉన్నా, ఆ పెళ్ళి జరిగిందని ఖతార్ దేశాన్ని నమ్మించడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో మా మనవడు బోర్లాపడడం దగ్గర్నుంచి తప్పటడుగుల దాకా వచ్చేశాడు. వాళ్ళ నాన్న దోహాలో కూర్చుని అదంతా ఫోన్లోనే చూశాడు.

ఈ సంగతి ఎవరితో చెప్పినా "ఆ ఎంబసీవాళ్ళు అంతేనండీ, ఏడిపించుకు తింటారు" అంటారు. నేనూ మొదట్లో అదే అన్నాను. కానీ మమ్మల్ని ఏడిపించింది ఎంబసీ కాదు, మేమే. మా ఇంట్లో, మా చేతుల్తో చేసుకున్నాం. అది చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను. ఆడపిల్లలున్నవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి, చదివాక నన్ను తిట్టుకున్నా సరే.

ముందు ఈ సీళ్ళ గొడవేమిటో చెప్తాను. అల్లుడు భార్యాబిడ్డల్ని తీసుకెళ్ళాలంటే అక్కడ ఫ్యామిలీ వీసాకి పెట్టాలి. దానికి పెళ్ళి సర్టిఫికెట్టూ, పిల్లాడి బర్త్ సర్టిఫికెట్టూ కావాలి. మన రిజిస్ట్రారు సంతకం ఎలా ఉంటుందో దోహాలోవాళ్ళకి ఏం తెలుసు? అందుకని రిజిస్ట్రారు సంతకం నిజమేనని మన రాష్ట్ర సచివాలయం సీలు వేస్తుంది. ఆ సీలు నిజమేనని కేంద్ర విదేశాంగ శాఖ వేస్తుంది. దాని సీలు నిజమేనని ఢిల్లీలో ఖతార్ ఎంబసీ. ఆ ఎంబసీ సీలు నిజమేనని చివరికి దోహాలో వాళ్ళ విదేశాంగ శాఖ. చిన్నపిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలాట ఆడతారే, అలాగన్నమాట.

ఈ రైల్లో ఎవరూ మా పిల్ల మొహం చూడరు. పెళ్ళి నిజంగా అయిందా అని అడగరు. ముందువాడి సంతకానికే వాళ్ళ పూచీ, కాగితంలో రాసున్న విషయానికి కాదు.

ఇంత తతంగం వద్దనే 1961లో హేగ్ నగరంలో దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. అపోస్టిల్ అని ఒక్క ముద్ర పడితే చాలు, ఎంబసీ మెట్లెక్కనక్కర్లేదు. మన దేశంలో 2005 జులై నుంచి అమల్లో ఉంది. ఒమన్, బహ్రెయిన్ అందులో ఉన్నాయి, సౌదీలో 2022 డిసెంబరు నుంచి అమలవుతోంది. ఖతార్, కువైట్, ఎమిరేట్స్ చేరలేదు. మా ఆడపడుచు కొడుకు మస్కట్‌లో ఉంటాడు, వాళ్ళకి ఆ ఒక్క ముద్రతో సరిపోయింది. మాకు బారెడు వరస. ఇది అన్యాయం కాదా అంటే అన్యాయమే. కానీ ముద్ర ఒకటైనా నాలుగైనా, దాని కింద ఉన్న పేరు మాత్రం మనం రాయించిందే.

ఇక మా పిల్ల పేరు. అసలు పేరు రాస్తే అది కోప్పడుతుంది, రాయను. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంటే పుట్టిందని ముందు 'నాగ' పెట్టాం. తర్వాత మా అమ్మ పేరు 'లక్ష్మి'. చివర వాళ్ళ నాన్నకి నచ్చిన పేరు. మన దివిసీమ చుట్టుపక్కల ఇళ్ళల్లో ఇలాంటి పేర్లు ఎన్నుంటాయో మీకు చెప్పక్కర్లేదు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. డిగ్రీలో కూడా అంతే. పాస్‌పోర్టు పెళ్ళికి ముందే తీశాం, అందులో మా ఇంటిపేరు పూర్తిగా ఉంది. పెళ్ళయిన నెలకి నేనే దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఆధార్‌లో అత్తారింటి ఇంటిపేరు మార్పించాను. వియ్యపురాలు అడగను కూడా లేదు, నాకు నేనే ముచ్చటపడ్డాను. 'నాగ' ఎగిరిపోయిన సంగతి చూసుకోలేదు. కాన్పప్పుడు హాస్పిటల్లో ఎవరో తల్లి పేరు అడిగితే, మా ఆయన కంగార్లో ఇంట్లో పిలిచే పేరు చెప్పారు. అదే మనవడి బర్త్ సర్టిఫికెట్లోకి ఎక్కింది.

పెళ్ళి అప్పుడు రిజిస్టర్ చేయించలేదు. వీసా మాట వచ్చాక పరుగెత్తాం. ఆధార్ చూపించాం కాబట్టి సర్టిఫికెట్ ఆధార్ పేరుతోనే వచ్చింది. దాని మీద సచివాలయం సీలు పడింది, విదేశాంగ శాఖది పడింది, ఎంబసీది పడింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే సంతకాలన్నీ నిజమైనవే. తీరా అక్కడ వీసాకి పెడితే తిరిగొచ్చింది. సర్టిఫికెట్లో పెళ్ళికూతురు ఒకరు, పాస్‌పోర్టులో అమ్మాయి ఒకరు, బర్త్ సర్టిఫికెట్లో పిల్లాడి తల్లి ఇంకొకరు. పెద్దది ఒక్కతే అనుకున్నాను, కాగితాల మీద ముగ్గుర్ని కన్నాను.

సీళ్ళు పడ్డ పెళ్ళి సర్టిఫికెట్‌ని పారేయలేక, దానికి సరిపడేలా పాస్‌పోర్టే మార్పించాం. బర్త్ సర్టిఫికెట్ సరిచేయించి మళ్ళీ మొదటి సీలు నుంచి మొదలుపెట్టాం. "ఈ ముగ్గురూ నేనే" అని నోటరీ దగ్గర మా పిల్ల చేత అఫిడవిట్ రాయించాం. ఆ రోజు అది కళ్ళు తుడుచుకోవడం చూశాను, నేను చూసినట్టు దానికి తెలియదు.

ఇప్పుడు నా కోపం ఎవరి మీదో చెప్తాను. ఇవే సీళ్ళు అల్లుడి డిగ్రీ మీద కూడా పడ్డాయి. చకచకా అయిపోయింది. ఎందుకంటే అతనికి పుట్టినప్పటి నుంచీ ఒకటే పేరు. పెళ్ళయిందని అతని ఇంటిపేరు ఎవరూ మార్చలేదు, మార్చమని ఎవరికీ తోచనే లేదు. మా అమ్మాయి కృష్ణా యూనివర్సిటీలో మంచి మార్కులతో పాసై, ఇక్కడ స్కూల్లో పాఠాలు చెప్పిన పిల్ల. రేపు దోహాలో ఉద్యోగం చూసుకోవాలంటే ఆ డిగ్రీకీ సీళ్ళు కావాలి. డిగ్రీ పుట్టింటి పేరుతో ఉంది, పాస్‌పోర్టు అత్తింటి పేరుతో ఉంది. మళ్ళీ అఫిడవిట్టే.

"ఇంటిపేరు మారడం మన సంప్రదాయం కదా" అంటారు. మా అత్తయ్యగారి తరంలో మారేది నోటి మాటగా. ఫలానావారి కోడలు అని ఊళ్ళో కరణం చెబితే ఆ మాట చాలేది. ఆవిడకి ఒక్క సర్టిఫికెట్టూ లేదు కాబట్టి పేరు మారినా పోయేదేం లేదు. మన పిల్లలకి పదిహేనేళ్ళ చదువు కాగితాల్లో ఉంది. పెళ్ళయిన ఆడది పేరు మార్చుకోవాలని ఏ చట్టంలోనూ లేదు. మొగుడి పేరు ఉండాలనుకుంటే ఆధార్‌లో చిరునామా దగ్గర కేరాఫ్ అని వేసుకోవచ్చు. పైగా ఆధార్‌లో పేరు మార్చుకునేది జన్మకి రెండుసార్లే. ఆ రెండిట్లో ఒకటి నా ముచ్చటకే అయిపోయింది.

రిజిస్ట్రేషన్ సంగతీ అంతే. మన రాష్ట్రంలో పెళ్ళి నమోదు తప్పనిసరని 2002లోనే చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటికీ చెప్పింది. అయినా "వాళ్ళేమైనా లేచిపోయి చేసుకున్నారా, రిజిస్టరాఫీసుకి ఎందుకు?" అనే మాట ఇప్పటికీ వింటున్నాను. 2016లో పాస్‌పోర్టుకి పెళ్ళి సర్టిఫికెట్ అక్కర్లేదనడంతో జనం ఇంకా ధీమాగా ఉన్నారు. పాస్‌పోర్టుకి అక్కర్లేదు, వీసాకి కావాలి. ఐస్‌క్రీం స్టాలు ఎవరికివ్వాలని వారం చర్చించాం కదా, అందులో ఒక్క పూట దీనికి పెట్టలేకపోయాం.

ఏజెంట్ల గురించి ఎక్కువ రాయను. "ఢిల్లీలో మన మనిషి ఉన్నాడు" అన్నవాడికి అన్నీ కలిపి 12,000 ఇచ్చాం. తర్వాత తెలిసింది, విదేశాంగ శాఖ మామూలు అటెస్టేషన్‌కి రుసుమే తీసుకోదు, అపోస్టిల్ అయితే కాగితానికి 50 రూపాయలు. కాగితాలు తీసుకునే సంస్థల్ని వాళ్ళే నియమించారు, ఇప్పుడు హైదరాబాదులోనూ ఆ సీలు వేస్తున్నారు. ఎంబసీ ఫీజు వేరే ఉంటుంది, నిజమే. కానీ నేను ఆ 12,000కి బాధపడలేదు. ఒరిజినల్స్ అతని చేతిలో పెట్టి, ఫోనెత్తని ఆ పదకొండు రోజులూ నిద్రపోయానా అని అడగండి.

మా పిల్లలు క్షేమంగా దోహా చేరారు. ఇప్పుడు మా చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. పోయిన ఆదివారం గుడివాడ నుంచి వచ్చారు, మంచివాళ్ళు. కాఫీలయ్యాక నేనే అన్నాను, పెళ్ళయిన వారంలో రిజిస్టర్ చేయిద్దాం, పిల్ల పేరు మాత్రం కాగితాల్లో ఎక్కడా మార్చొద్దు అని. అబ్బాయి తల్లి గ్లాసు కింద పెట్టి, "మా ఇంట్లో కోడళ్ళందరికీ మా ఇంటిపేరే వదినగారూ" అంది నెమ్మదిగా. పిలవడానికి మీ ఇంటిపేరుతోనే పిలుచుకోండి వదినగారూ, అన్నాను. ఆవిడ మా ఆయన వైపు తిరిగింది, అన్నయ్యగారు ఏమంటారో అన్నట్టు. ఆయన మనవడి బర్త్ సర్టిఫికెట్ గుర్తొచ్చిందో ఏమో, "ఆ సంగతులు నాకంటే తనకే బాగా తెలుసండి" అన్నారు.

వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ ఇంకా రాలేదు.