పదహారు సెంట్ల మడి చెప్పని లెక్క

కొత్త విత్తనం వచ్చినా, కొత్త మందు వచ్చినా మనకు చెప్పే మాట ఒక్కటే: ‘ప్రయోగంలో తేలింది’. పొన్నూరు నుంచి పత్తి, మిరప చేలకు కూలికి పోయేవారూ, కౌలుకు చేసేవారూ ఈ మాట ఏళ్ల తరబడి వింటున్నారు. ఇంతకీ ప్రయోగంలో తేలేదేమిటి? తేలనిదేమిటి?

పద్ధతి తేలికైనదే. ఒకే చేలో పక్కపక్కన మళ్లు కడతారు. ఒకదాంట్లో కొత్త విత్తనం, ఇంకోదాంట్లో పాతది. మంచి నేలంతా ఒకదానికే పోకుండా ఏ మడికి ఏదో చీటీలు వేసి తేలుస్తారు. 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో ఫిషర్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి రూపమిచ్చాడు. ఈ పద్ధతిని మేం కాదనడం లేదు. డీలరు నోటిమాట కంటే ఇది ఎన్నో రెట్లు నయం. కానీ మడి జవాబు చెప్పేది ఒక్క ప్రశ్నకే: ఈ నేలలో, ఈ ఏడు, ఈ రెండింటిలో ఏది ఎక్కువ పండింది? అంతకు మించి దాని చేత పలికించడంలోనే మోసం ఉంది.

బీటీ పత్తి సంగతి చూడండి. 2001లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల్లో 157 మంది రైతుల చేలల్లో సుమారు పదహారేసి సెంట్ల మళ్లు పక్కపక్కన వేసి చూశారు. బీటీ మడిలో దిగుబడి 80 శాతం ఎక్కువ వచ్చిందని 2003లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. ఆ కూడికలు తప్పని మేం అనం. అయితే ఆ ఏడు కాయతొలిచే పురుగు ఉధృతంగా ఉంది. పురుగు మీద పడ్డ ఏడు పురుగును ఆపే విత్తనం గెలవడంలో వింతేముంది? పైగా ఆ మూడు రాష్ట్రాల్లో మనది లేదు. 2002 మార్చిలో కేంద్రం అనుమతించిన మెక్ రకాలు మూడింటికీ మన రాష్ట్రంలో అనుమతి పొడిగించడానికి 2005 మేలో కేంద్ర కమిటీయే నిరాకరించింది. ఆ మధ్య ఏళ్లలో దెబ్బతిన్నది మడి కాదు, రైతు.

పురుగుకు గట్లతో పని లేదు. ఒక్క మడిలో, ఒక్క పంటకాలంలో పనిచేసిన మందును వెయ్యి ఎకరాల్లో, ఏటేటా కొడితే ఏమవుతుందో మడి చెప్పలేదు. 1980లలో పైరెత్రాయిడ్ మందులు కొట్టీ కొట్టీ గుంటూరు, ప్రకాశం పత్తి చేలను తెల్లదోమకు అప్పగించాం. 1987-88లో అప్పులపాలైన రైతులు అదే మందు తాగి చనిపోయారు. బీటీ విషయంలోనూ అంతే. మొదట్లో పచ్చపురుగు మందులు తగ్గిన మాట నిజం. తర్వాత గులాబీరంగు పురుగు ఆ విషానికి అలవాటు పడింది. 2010 నాటికి గుజరాత్‌లో ఆ సంగతిని కంపెనీయే ఒప్పుకుంది.

అన్నిటికంటే పెద్ద లోపం కూలీ లెక్కలో ఉంది. ప్రయోగం కాగితం మీద కూలి అంటే ఖర్చు. అది తగ్గితే లాభం కింద రాస్తారు. అనుమతి లేని కలుపుమందు పత్తి రాష్ట్రంలో పాకుతోంది. దానికి మడి కట్టి చూస్తే ‘కలుపు కూలి మిగిలింది’ అని తేలుతుంది. మిగిలిందెవరికి? కలుపు తీసే ఆడకూలీ ఇంట్లో అది పోయిన పనిదినం, పోయిన తిండిగింజ. మందు కొట్టేవాడి కళ్ల మంట, తలతిరుగుడు ఏ గడిలోనూ ఎక్కవు. అసలు ఆ గడే గీయలేదు. అడగని ప్రశ్నకు జవాబెలా వస్తుంది?

అందుకని మేం అడిగేది ప్రయోగాలు మానమని కాదు. ఒక్క ఏడు కాదు, వానలున్న ఏడూ లేని ఏడూ కలిపి చూడాలి. నీళ్లూ పెట్టుబడీ ఉన్న ఆసామి చేలోనే కాక కౌలుదారు చేలోనూ వేయాలి. పనిదినాలు, కూలి, మందు కొట్టినవారి ఆరోగ్యం దిగుబడి పక్కనే రాయాలి. గెలిచిన మడితో పాటు ఓడిన మడి లెక్క కూడా తెలుగులో ఊళ్లో చదివి వినిపించాలి.

ఇకమీదట ఎవరైనా ఊళ్లోకి వచ్చి ‘ప్రయోగంలో తేలింది’ అంటే, వ్యవసాయ కార్మికులూ రైతులూ కలిసి నాలుగు మాటలు అడగండి: ఎవరి చేలో? ఎన్నేళ్లు? దేనితో పోల్చి? మా కూలి ఏ గడిలో రాశారు?