టిఫా అయిపోయింది, ఇంకెందుకు?

"టిఫా తీయించాం, అంతా బాగుందన్నారు. ఇంకెందుకమ్మా స్కానింగులు, డబ్బులు దండుకోడానికి కాకపోతే!" మా బుచ్చిరెడ్డిపాలెంలో కడుపుతో ఉన్న పిల్ల ఏ ఇంట్లో ఉన్నా ఈ మాట వినాల్సిందే. దండుకునేవాళ్ళు లేరని నేననను. వాళ్ళ మీద కోపం నాకూ ఉంది. కానీ ఆ కోపాన్ని తెచ్చి ఏడో నెల స్కానింగ్ మీద చూపిస్తే నష్టపోయేది వాళ్ళు కాదు, పుట్టబోయే బిడ్డ.

ఐదో నెలలో తీసే టిఫాలో గుండె, వెన్నెముక, తల, కాళ్ళూ చేతులూ చాలావరకు తెలుస్తాయి. పేగు సంగతి వేరు. కడుపులో బిడ్డ ఉమ్మనీరు మింగుతూ ఉంటుంది. ఆ నీరు పొట్టలోంచి పేగులోకి వెళ్ళి ఒంట్లోకి ఇంకుతుంది. చిన్నపేగు మొదట్లోనే దారి మూసుకుపోతే నీరు అక్కడే నిలిచి, పొట్ట ఒక బుడగలా, పేగు మొదలు ఇంకో బుడగలా ఉబ్బుతాయి. డాక్టర్లు 'డబుల్ బబుల్' అనేది దాన్నే. కాలవకి అడ్డం పడగానే నీళ్ళు గట్టెక్కుతాయా? టైము పడుతుంది. ఇదీ అంతే. అందుకే ఐదో నెలలో ఏమీ కనపడకుండా ఏడు, ఎనిమిది నెలల్లో బయటపడేవి చాలా ఉంటాయి. ఇంకాల్సిన నీరు ఇంకక తల్లికి ఉమ్మనీరు పెరుగుతుంది, పొట్ట మరీ ఎత్తుగా వస్తుంది. మనమేమో "కవలలేమో", "మగపిల్లాడే" అని మురిసిపోతాం!

ఆ మాటకొస్తే, 1994లో చట్టం వచ్చినా స్కానింగ్ గది బయట మన ఆడవాళ్ళ మొదటి ప్రశ్న మారలేదు. లడ్డూ పంచాలా, జిలేబీ పంచాలా అని చాటుగా అడుగుతారు. పేగులెలా ఉన్నాయి, ఉమ్మనీరు ఎంతుంది అని అడిగినవాళ్ళని నేను చూడలేదు.

"మా కాలంలో ఏ స్కానింగులున్నాయి, మేం కనలేదా?" కన్నారు అత్తమ్మా. పుట్టిన మర్నాడే పసరు కక్కి, పాలు నిలవక పోయిన బిడ్డలకి దిష్టి అనీ, గండం అనీ పేర్లు పెట్టారు. ఈ అడ్డు 5 వేల నుంచి 10 వేల కాన్పుల్లో ఒకరికి వచ్చేదే. వచ్చిన ఇంటికి ఆ లెక్కతో ఏం పని? ముందే తెలిస్తే పిల్లల సర్జన్ ఉన్నచోటే కాన్పు పెట్టుకుంటారు. పుట్టగానే పాలు పట్టకుండా, ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్ పెట్టి, ఆపరేషన్ చేస్తారు. మంచి వసతులున్న చోట నూటికి 90 మందికి పైగా బతుకుతున్నారు. తెలియకపోతే "ఉమ్మనీరు మింగింది, అదే తగ్గుద్ది" అంటూ రెండ్రోజులు పోగొట్టుకుని, వాడిపోయిన బిడ్డని ఒళ్ళో వేసుకుని నెల్లూరికి, అక్కణ్ణించి చెన్నై ఎగ్మూరు పిల్లల ఆస్పత్రికి పరుగు.

స్కానింగ్‌లో అన్నీ తెలుస్తాయనీ కాదు. మలద్వారం మూసుకుపోవడం ఎక్కువసార్లు దొరకదు. అది పుట్టగానే నర్సు చూడాల్సిందే, చూశారా అని మనం అడగాల్సిందే.

తేడా ఉందని తెలిశాక మన నోళ్ళు ఇంకో రకం. గ్రహణం నాడు కత్తిపీట పట్టిందని కోడలి మీద పడతారు. పేగు మూసుకుపోవడానికీ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు. ఈ అడ్డున్న బిడ్డల్లో దాదాపు మూడో వంతుకి డౌన్ సిండ్రోమ్ కూడా ఉంటుంది కాబట్టి డాక్టరు ఇంకో పరీక్ష చెప్పొచ్చు. చేయించుకోవాలా వద్దా అనేది ఆ తల్లీ తండ్రీ తేల్చుకుంటారు, పెద్దమ్మా పిన్నమ్మా కాదు.

డబ్బుల మాటా చూద్దాం. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకి ఉచితంగా చూస్తున్నారు, 2016 నుంచీ. అక్కడికి వెళ్ళడం నామోషీ అంటారు. సరిగ్గా ఆ ఏడో నెలలోనే సీమంతానికి గాజులు, పట్టుచీరె, ఫోటోలవాడు, భోజనాలు! దాని మీద ఎవరికీ కోపం రాదు. ఆ తర్వాత పిల్ల పుట్టింటికి వస్తుంది, డాక్టరమ్మ మారుతుంది. పూలూ పండ్లూ లెక్కపెట్టి కార్లో పెడతారు. స్కానింగ్ కాగితాల ఫైలు మాత్రం అత్తగారింటి బీరువాలోనే ఉండిపోతుంది.