డయాలసిస్‌కు ముందే చెప్పాల్సిన మాట

కిడ్నీలు పనిచేయడం లేదు, డయాలసిస్ తప్పదని డాక్టర్ చెప్పగానే ఇంట్లో మొదట వచ్చేది ఖర్చు మాటే. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద అర్హులకు డయాలసిస్ ఉచితంగా చేస్తున్నారు. కేంద్రం కూడా 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం తెచ్చింది. డబ్బు సంగతి ఇలా కొంత తేలుతుంది. ఇంకో ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది: డయాలసిస్‌తో ఎన్నాళ్లు, ఎలా బతుకుతారు?

డయాలసిస్ కిడ్నీని బాగుచేయదు. మామూలుగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ రక్తాన్ని శుభ్రం చేస్తుంది. కొందరు దీంతో చాలా ఏళ్లు బతుకుతారు, కిడ్నీ మార్పిడి దాకా నెట్టుకొస్తారు. వయసు పైబడి, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. అమెరికాలో వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో డయాలసిస్ మొదలుపెట్టినవాళ్ల మీద 2009లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లలో 58 శాతం మంది ఏడాదిలోపే చనిపోయారు. ఆ లెక్క అందరికీ వర్తించదు. కానీ అందరికీ ఒకే మాట చెప్పి సూది గుచ్చడం సరికాదని తెలుస్తుంది.

మన ఇళ్లలో "అబ్బాకు చెప్పొద్దు డాక్టర్ సాబ్" అనేది ప్రేమతోనే. అయితే 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: లాభనష్టాలు, వేరే దారులు వివరించాకే పేషెంట్ అంగీకారం తీసుకోవాలి. ఆ కేసులో కన్నతల్లి ఇచ్చిన అనుమతి కూడా చెల్లలేదు.

ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉందనేది నిజమే. డాక్టర్ చెప్పేది తారీఖు కాదు, అంచనా మాత్రమే. అది తెలిస్తే మనిషి ఖర్జ్ తీర్చుకుంటాడు, వసీయత్ రాసుకుంటాడు. మార్పిడికి వీలుంటే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకుంటాడు. బాగా బలహీనంగా ఉంటే డయాలసిస్ లేకుండా, ఆయాసం, నొప్పి తగ్గించే మందులతో ఇంట్లోనే ఉండే దారి గురించీ అడుగుతాడు. నాకేమీ చెప్పొద్దు అంటే అదీ ఆయన హక్కే. కానీ ఆ మాట ఆయనే అనాలి, కొడుకులు కాదు.

చేతికి ఫిస్టులా వేశాక అది వాడకానికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. మాట్లాడుకోవడానికి ఆ వారాలు చాలు. ఎమర్జెన్సీలో, ఊపిరాడని రాత్రి, సంతకం పెట్టేటప్పుడు ఈ ప్రశ్న అడిగే తీరిక ఎవరికీ ఉండదు.