మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే మన ఊళ్ళలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళ నల్లబట్టలు కనిపిస్తాయి. నిన్నటిదాకా బెల్టుషాపు ముందు తూలినవాడు తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం చేసి, విభూతీ గంధమూ పెట్టుకుని, చెప్పుల్లేకుండా గుడికి నడుస్తాడు. యజమాని కూడా తన డ్రైవర్ని ‘స్వామీ’ అని పిలుస్తాడు. శబరిమల యాత్ర మనిషిని మారుస్తుందనేవాళ్ళు చూపించే సాక్ష్యం ఇదే. తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఈ యాత్రలో అసలు పని కొండ మీదకన్నా ఇంట్లోనే ఎక్కువ. కాశీకి వెళ్తే ఇష్టమైన కాయో పండో వదిలి రావాలంటారు; మొదట్నుంచీ గిట్టని కాకరకాయని వదిలేసి వచ్చే గడుసువాళ్ళూ ఉన్నారు. అయ్యప్ప దీక్షలో ఆ తెలివి సాగదు. 41 రోజులు మాంసం, మందు, సిగరెట్టు ముట్టకూడదు. గడ్డం గీయకూడదు, మంచం ఎక్కకూడదు. పగలు ఒక్కపూట భిక్ష, రాత్రికి అల్పాహారం. చివర్న ఇరుముడి, అంటే నెత్తిన మోసే రెండు అరల మూట, కడతారు. అందులో పెట్టే కొబ్బరికాయ కన్ను తొలిచి, నీళ్ళు తీసేసి, ఆవునెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ శరణుఘోష మధ్య నింపి మూస్తారు. సన్నిధానంలో ఆ కాయ కొట్టి, నెయ్యి అభిషేకానికిచ్చి, చిప్పను గుండంలో వేస్తారు. నెయ్యి ఆత్మ, చిప్ప దేహం అని గురుస్వాములు చెబుతారు. ఇరుముడి లేనివాడికి పద్దెనిమిది మెట్లు ఎక్కే అర్హత లేదు.

మరి తిరిగొచ్చాక? మాల తీసిన సాయంత్రమే కోడి కోసే ఇళ్ళు మనకు తెలియనివి కావు. ఎన్నిసార్లు వెళ్ళారన్నదాన్ని బట్టి బిరుదులూ ఉన్నాయి: రెండోసారి వెళ్తే కత్తిస్వామి, మూడోసారికి గంటస్వామి. అహం తగ్గించుకోవడానికి వేసుకున్న మాల, ఎన్నిసార్లు వేశామన్న లెక్కలోకి దిగేసరికి అహాన్నే పెంచుతుంది. రైలు ఎక్కే ముందు మాల వేసుకుని మూడు రోజుల్లో ముగించే వాళ్ళ సంగతి సరేసరి.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మరొకటి. స్వామికంటే ముందే లేచి, తలస్నానం చేసి, మడిగా వండేది భార్య. నెలసరి రోజుల్లో ఆమె పుట్టింటికో చుట్టాలింటికో వెళ్ళే ఇళ్ళున్నాయి. 10 నుంచి 50 ఏళ్ళ స్త్రీల ఆలయ ప్రవేశంపై 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి దేశమంతా మాట్లాడింది. వంటింట్లో భార్య చేసే దీక్ష గురించి అంత మాట వినలేదు. దీక్షలో ఆయన గిన్నె ఆయనే కడుక్కుంటే అది కూడా నియమమేగా!

నా మటుకు నాకు, మార్పు అబద్ధమని అనిపించదు. అయితే దానికి ఊరు కాపలా కాస్తుంది. నల్లబట్ట చూసి స్నేహితుడు గ్లాసు అందించడు, గొడవకొచ్చినవాడు వెనక్కి తగ్గుతాడు. మాలతో పాటు ఆ కాపలా కూడా తొలగిపోతుంది. 41 రోజులు మానగలిగినవాడు ‘నావల్ల కాదు’ అంటే ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు నమ్మరు. అది మాత్రం దీక్ష మిగిల్చే గట్టి లాభం.

ఒక జాగ్రత్త. ఏళ్ళ తరబడి రోజూ విపరీతంగా తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, కలవరింతలు, ఫిట్సు రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటివాళ్ళు మాల వేసుకునే ముందు డాక్టర్ని కలవాలి. దీక్ష వైద్యం కాదు. మిగతా స్వాములకు ఒక్క మనవి: 42వ రోజు నుంచి ఏ ఒక్క నియమం నిలబెట్టుకుంటారో మాల వేసుకునే రోజే ఇంట్లోవాళ్ళ ముందు చెప్పండి.