గృహిణీ ధర్మములు: అంగడి బేరము



వంటలో నెంత నేర్పున్నను, సరకు కొనుటలో నేర్పు లేనిచో గృహిణికి పొదుపు చేకూరదు. మన నల్లగొండ, పాలమూరు సీమలలో వారమున కొకనాడు కూడు సంతను అంగడి యందుము. పెబ్బేరులో శనివారమున కూడు పెద్ద సంత పశువుల క్రయవిక్రయములకు ప్రసిద్ధము. చిన్న యూళ్ల అంగళ్లు మాత్రము మనబోటి యిల్లాండ్ర బుట్టలు నింపుటకే కూడును. ఫ్రాన్సుదేశపు చిన్న పట్టణములలో సైతము నేటికిని ఇట్టి వారపు సంతలు కలవు. పండించినవారి చేతినుండి వండువారి చేతికి సరకు నేరుగా చేరుటయే యెచ్చటనైనను సంతవలని మేలు.

కావున అంగడిలో మొదట వెదకవలసినది ఆ చుట్టుపట్ల పంటయే. వానకాలమున చెలకలలో మొలచు తుమ్మికూర, గంగవాయిలుకూర, మన యింట నిత్యము కాగల పుంటికూర, తైదలు, కొర్రలు ఇందు దొరకును. వంకాయ తొడిమ పచ్చగా నున్నచో క్రొత్తకోత. బెండకాయ కొన తటాలున విరిగినచో లేతది. సీతాఫలములలో బాలానగరు పేరనే యొక రకము ప్రసిద్ధి కెక్కినది. కన్నులు విచ్చి, వాని నడుమ లేతపసుపు చాయ తేలిన కాయనే యేరుకొనవలెను. కన్నులు ముడుచుకొన్న పసరుకాయ యెన్నాళ్లు దాచినను తీపి పట్టదు.

ఇక కొలతలు. 1956 నాటి చట్టము ననుసరించి 1958 అక్టోబరు మొదలు కిలోగ్రాముల పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చినను, సోల, తవ్వ, మానిక యను మాటలు మన నోట నింకను నిలిచియున్నవి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అయితే సోలెడు పెసలును, సోలెడు అటుకులును ఒక్క బరువు తూగవు. సోల యడుగు సొట్టపడినదా, గింజను తలకొట్టి కొలుచుచున్నారా, రాశిగా పోయుచున్నారా యని చూడవలెను. త్రాసైనచో వట్టి తట్టలు సమముగా నిలుచుట, యంత్రమైనచో సున్న కనబడుట చూచి మరి సరకు వేయింపుడు.

బేరమునుగూర్చి యొక్కమాట. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" యను సామెత భావము అంగడిలో కన్నులకు గట్టును. కూరాకు తెచ్చిన అవ్వ తెల్లవారక మునుపే కోసి, కట్టలు గట్టి, ఆటోకు కిరాయి నిచ్చి, తైబజారు వసూలగుచోట అదియు చెల్లించి కూర్చుండును. పొద్దు గ్రుంకిన ఆకు వాడును. వాడిన ఆకునకు వెల లేదు. ఈ సంగతి యెఱిగియే కొందఱు చీకటిపడువేళ వచ్చి సగము ధర కడుగుదురు. వీరే పెద్ద దుకాణమున పొట్లముపై నచ్చు వేసిన వెలను మాటాడక చెల్లింతురు! నెలజీతపు సంసారము నడపు మాకును రూపాయి విలువ తెలియును. అయినను ఆకుకూరపై మిగుల్చుకొన్న రెండు రూపాయలు మన బీరువా నింపవు. ఆమెకో, తిరుగు కిరాయిలో నొక పాలు.

కొలత తగ్గినచో అమ్మువారు పేదలైనను నిలిపి యడుగుడు; అది న్యాయము. ధర న్యాయమైనచో కొసరుకై పీడింపకుడు, అదియు న్యాయమే. కనికరము వేఱు, లెక్క వేఱు. రెండును తెలిసిన యిల్లాలికే అంగడిలో "రా బిడ్డా" యను పిలుపును, మంచి సరకును లభించును.