చిందు గాయకుని చదువు

పాట, పద్యం, అభినయం ఒకే కళాకారునిలో సంగమించి కథను నడిపించే ప్రక్రియలు ప్రపంచంలో పలుచోట్ల వెలిశాయి. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో 1600 ప్రాంతాన రూపుదిద్దుకొన్న ఆపెరా వాటిలో ఒకటి. తెలుగునాట యక్షగానం మరొకటి. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో యక్షగానాన్ని పేర్కొన్నాడు. పదహారవ శతాబ్దికి చెందిన కందుకూరి రుద్రకవి ‘సుగ్రీవ విజయం’ నేడు లభిస్తున్న ప్రాచీన యక్షగానాలలో ఒకటి. తంజావూరు నాయకరాజుల ఆస్థానంలో రాజాదరణ పొందిన ఈ కళను తెలంగాణ పల్లెలలో వీధి అరుగుల ముందు, బొడ్రాయి చెంత నిలిపినవారు చిందు కళాకారులు. కళ ఒకే కోవకు చెందినదైనా, ఆపెరా గాయకునికీ చిందు గాయకునికీ సమాజం ఇచ్చిన స్థానం ఒకటి కాదు. ఈ వ్యత్యాసం ఆలోచింపదగినది.

ఆపెరా గాయకుడు కావడం సులభసాధ్యం కాదు. లూచియానో పవరోటి 1935లో ఇటలీలోని మోడెనాలో ఒక రొట్టెల తయారీదారు ఇంట జన్మించాడు. పందొమ్మిదవ ఏట, 1954లో, ఆరిగో పోలా అనే గురువు వద్ద గాత్రసాధన ప్రారంభించాడు. పొట్టకూటికై కొంతకాలం బడిపంతులుగాను, బీమా ఏజెంటుగాను పనిచేశాడు. 1961లో గాని ఆయనకు ఆపెరా రంగస్థలంపై తొలి ముఖ్యపాత్ర లభించలేదు. అంటే ఒక్క ప్రవేశం వెనుక ఏడేండ్ల తపస్సు ఉన్నది.

ఇంత సాధన ఎందుకన్న ప్రశ్నకు శాస్త్రం సమాధానం చెబుతుంది. పెద్ద వాద్యబృందం ధ్వనిలోని బలమంతా సెకనుకు సుమారు 500 కంపనాల ప్రాంతంలో అధికంగా ఉంటుంది. సుశిక్షితుడైన గాయకుడు గొంతును, నోటిని అమర్చుకొనే తీరువల్ల అతని స్వరానికి 3,000 కంపనాల ప్రాంతంలో ప్రత్యేకమైన బలం చేకూరుతుంది. అందువల్ల మైకు లేకున్నా ఆ కంఠం వాద్యఘోషను చీల్చుకొని చివరి వరుస శ్రోతను చేరుతుంది. శ్వాసను పొదుపుగా వాడుకోవడం, గొంతును ఒత్తిడికి గురిచేయకపోవడం ఈ విద్యకు పునాదులు.

చిందు గాయకుని చదువు ఇంతకంటె తక్కువదేమీ కాదు. అతని పాఠశాల సొంత మేళమే. పసితనంలోనే కాలికి గజ్జె కడతారు. చిన్న పాత్రలతో మొదలుపెట్టి, వంత పాడుతూ, తాళం వేస్తూ, పెద్దల వెనుక నిలిచి ద్విపదలు, కందాలు, సీసాలు, దరువులు కంఠస్థం చేస్తాడు. రాత్రి మొదలైన ఆట తెల్లవారే వరకు సాగుతుంది. పొణికి కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తుల బరువు మోస్తూ, చిందులు తొక్కుతూ, ఆరుబయట దూరాన కూర్చున్నవారికి సైతం వినిపించేలా పాడాలి. ఆయాసం పద్యంలోకి చొరబడరాదు. ఇది కఠోర శిక్షణ కాదని ఎవరనగలరు?

అయినను ఒకరిది వృత్తి అయింది. మరొకరిది కులవృత్తిగానే మిగిలింది. ఒకరికి పట్టం, ఒప్పందం, పారితోషికం ఉన్నాయి. మరొకరు ఏడాదికొకసారి తమకు హక్కున్న గ్రామాలకు వెళ్లి, ఇచ్చినది పుచ్చుకొని బ్రతకవలసి వచ్చింది. సినిమా, టెలివిజన్ విస్తరించిన పిదప ఆ ఆదరణ కూడ సన్నగిల్లింది. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారం లభించడం ఆనందదాయకమే. కాని పురస్కారం ఒకరి శిరస్సును అలంకరిస్తుంది. మేళానికంతటికీ అన్నం పెట్టదు.

“కళ అంతరించిపోతున్నది, వారి పిల్లలు నేర్చుకోవడం లేదు” అని విచారించేవారు కలరు. ఆ విచారంలో సానుభూతి ఉన్నది గాని న్యాయం లేదు. హైదరాబాదు–విజయవాడ రహదారిపైనున్న చౌటుప్పల్ పరిసరాలలో నేడు పరిశ్రమలు వెలిశాయి. నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువును కాదని, చిందు ఇంట పుట్టిన యువకుడు గజ్జె కట్టాలని కోరే హక్కు ఎవరికున్నది? సమాజమంతా గర్వించే సంపదను కాపాడే భారాన్ని ఒక్క నిరుపేద కులంపై మోపడం ధర్మం కాదు.

విద్యాలయాలలో నేర్పితే జానపద కళ సహజత్వం కోల్పోతుందని మరికొందరి వాదన. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. పాఠ్యప్రణాళికలో బిగించిన కళ ఎండిపోయే ప్రమాదముంది. అందుకు పరిష్కారం కళను బడికి దూరంగా ఉంచడం కాదు. పట్టాలతో నిమిత్తం లేకుండ చిందు కళాకారులనే గురుపీఠంపై కూర్చుండబెట్టడం. అప్పుడు ఏ కులపు విద్యార్థియైనా ఆసక్తితో ఆ విద్యను అభ్యసించవచ్చు. చిందు ఇంటి బిడ్డ మరో వృత్తిని నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు. కళ జన్మను విడిచి ఇష్టాన్ని ఆశ్రయించినప్పుడే అది నిజమైన వృత్తి అవుతుంది.

ప్రతి కళాశాల తన వార్షికోత్సవంలో ఒక మేళాన్ని ఆహ్వానించి, దానంగా గాక న్యాయమైన పారితోషికంగా సొమ్ము చెల్లించడం ఇందుకు తొలిమెట్టు. శాలువ కప్పడం సులభం. వేతనం ఇవ్వడమే గౌరవం. రాత్రంతా పాడిన కంఠానికి చప్పట్లు ఎంత అవసరమో, మరునాటి భోజనం గురించిన నిశ్చింత కూడ అంతే అవసరం.