అరుగు మీది ముచ్చట్లు: నలుగురూ నడిచే బాట

ఈ నెల ముచ్చట నా తప్పు ఒకటి ఒప్పుకోవడంతో మొదలు పెడతాను. పెద్దవాళ్ళం తప్పు చేస్తే పిల్లల ఎదుట ఒప్పుకోవడం మనకు అంతగా అలవాటు లేదు గదా. కనీసం కాగితం మీదనైనా ఒప్పుకుంటే కొంత మేలు.

మా మనవడికి పదిహేడేళ్ళు. ఇక్కడే బెంగుళూరులో పి.యు.సి. రెండో సంవత్సరం చదువుతున్నాడు. రెండేళ్ళ నుంచి గిటారు నేర్చుకుంటున్నాడు. క్రిందటి నెల ఒక ఆదివారం నాడు బంధువులు వచ్చినప్పుడు, వాళ్ళ అత్త బలవంతం చేయగా, సిగ్గుపడుతూనే తాను స్వయంగా కట్టిన పాట ఒకటి పాడాడు. మాటలు తెలుగే. ఊరు మారి వెళ్ళిపోయిన స్నేహితుణ్ణి గురించి వ్రాసుకున్నాడు. పాట బాగానే ఉంది. అయితే, వాడి గదిలోంచి రోజూ వినిపించే బీటిల్స్ వారి ‘లెట్ ఇట్ బీ’ నా చెవుల్లో నిలిచిపోయి ఉన్నది. గిటారు మీద వాడి చెయ్యి నాలుగుసార్లు కదలగానే నేను పట్టేశాను. పాట అయిందో లేదో, “ఏరా, యిది ఆ యింగ్లీషు పాటకు కాపీ గదా! మాటలు నీవి, సంగీతం వాళ్ళది!” అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ రాత్రే గిటారును సంచీలో పెట్టి అటక ఎక్కించాడు.

పది రోజులు యింట్లో గిటారు మోగలేదు. నేను గమనించనే లేదు. మా ఆవిడ గమనించింది. ఆమె చిన్నతనంలో పదేళ్ళు వీణ నేర్చుకున్న మనిషి. “ఆ మాట మీరు తెలిసి అన్నారా, తెలియక అన్నారా?” అని అడిగింది. “చెవులు లేవూ? వింటే తెలియదూ?” అన్నాను. “వినడం వేరు, తెలియడం వేరు. తోడిలో త్యాగరాజస్వామి కృతులు చేశారు. శ్యామశాస్త్రిగారూ చేశారు. దీక్షితులవారూ చేశారు. అందులో ఎవరిది కాపీ?” అని, నా జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జవాబు ఉంటే గదా చెప్పడానికి! నాలుగు రోజులు ఆ పాటలు విన్నాను, వాటిని గురించి చదివాను. తరువాత మనవణ్ణి పిలిచి, “నాకు నీ గిటారు లెక్క కాస్త బోధపరచరా” అన్నాను. వాడు అనుమానంగానే అటక మీది నుంచి దింపాడు. మా ఆవిడ తన వీణ తెచ్చుకుని ప్రక్కన కూర్చుంది. నేను తెలుసుకున్నదీ, ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ నాకు వినిపించినదీ కలిపి మీకు చెబుతాను.

ఇందులో ముఖ్యమైన మాట ‘కార్డ్’. పోస్టు కార్డు కాదు సుమండీ. మూడు స్వరాలు ఒక్కసారిగా మోగిస్తే అది కార్డ్. మనం గుత్తి అనుకుందాం. శంకరాభరణం స్వరాలు తీసుకోండి. పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరాలు అవే. అందులో ఒకటి విడిచి ఒకటి ఏరితే స-గ-ప. ఇది ఒకటో గుత్తి. అలాగే మ-ద-స నాలుగోది, ప-ని-రి అయిదోది, ద-స-గ ఆరోది. వీణ తెలిసినవారు మెట్లు లెక్కపెట్టి చూసుకోవచ్చు. స నుంచి గ నాలుగో మెట్టు. ద నుంచి పై స మూడో మెట్టే. ఆ ఒక్క మెట్టు తేడా చేతనే ఒకటో గుత్తి తేటగా, ఆరో గుత్తి కాస్త దిగులుగా వినిపిస్తాయి.

మన కచేరీలో తంబురా ఒక్క శ్రుతి మీద నిలిచి ఉంటుంది. దాని మీద రాగం సంచరిస్తుంది. వాళ్ళ పాటలో పైన వరుస నడుస్తూంటే, క్రింద నేల కూడా కదులుతుంది. ఒకటో గుత్తి అంటే యిల్లు. అక్కడి నుంచి బయలుదేరి, రెండు మూడు గుత్తులు తిరిగి, మళ్ళీ యింటికి చేరాలి. ఈ నడకను వారు కార్డ్ ప్రోగ్రెషన్ అంటారు. మనం బాట అందాం.

ఆ కదలిక ఏం చేస్తుందో మావాళ్ళు వాయించి చూపారు. మనవడు వీణ శ్రుతికి సరిపోయేలా గిటారు మెడకు ఒక పట్టీ బిగించాడు. మా ఆవిడ గాంధారం ఒక్కటే మీటుతూ కూర్చుంది. వాడు క్రింద ఒకటో గుత్తి పట్టితే ఆ గాంధారం హాయిగా ఉంది. ఆరో గుత్తి పట్టితే అదే గాంధారంలో ఏదో బెంగ కనిపించింది. “స్వరం నాది, దానికి భావం వీడు మారుస్తున్నాడు” అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

ఇక బాటలు. అన్నిటికన్న ఎక్కువగా తొక్కిన బాట పన్నెండు కొలతల బ్లూస్. అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి జనం పాటల్లో పుట్టింది. 1912లో డబ్ల్యు.సి. హ్యాండీ తన ‘మెంఫిస్ బ్లూస్’ అచ్చు వేసిన తరువాత యీ ఫణితి దేశమంతా ప్రాకింది. ఒకటో గుత్తి మీద నాలుగు కొలతలు, నాలుగో గుత్తి మీద రెండు, మళ్ళీ ఒకటి మీద రెండు, అయిదు మీద రెండు, చివర ఒకటి మీద రెండు. అయిదో గుత్తి మీది రెండు కొలతల్లో రెండోదాన్ని నాలుగో గుత్తికి యివ్వడమూ ఉంది. కొలతకు నాలుగు దెబ్బల చొప్పున మొత్తం 48. మన ఆదితాళంలో ఆరు ఆవర్తనాలు. ఎల్విస్ ప్రెస్లీ 1956లో పాడిన ‘హౌండ్ డాగ్’ యీ బాటే. చక్ బెర్రీ 1958 నాటి ‘జానీ బి. గుడ్’ కూడా యీ బాటే. మన భూమి మీది సంగీతానికి నమూనాగా 1977లో వాయేజర్ నౌకల్లో పంపిన రికార్డులో యీ చక్ బెర్రీ పాట ఒకటి. అంత సామాన్యమైన బాట నక్షత్రాల దాకా వెళ్ళింది!

రెండోది ఒకటి-ఆరు-నాలుగు-అయిదు. 1950ల కుర్రకారు ప్రేమపాటలకు రాజబాట. బెన్ ఇ. కింగ్ 1961లో పాడిన ‘స్టాండ్ బై మీ’లో మొదటి నుంచి చివరి దాకా యిదే ఎనిమిది కొలతల చుట్టు తిరిగి తిరిగి వస్తుంది. చరణానికీ పల్లవికీ బాట మారదు. గొంతు మాత్రం అంతకంతకూ ఆర్ద్రమవుతుంది. ఆరో గుత్తిలోకి దిగినప్పుడు కలిగే దిగులు, నాలుగూ అయిదూ ఎక్కి యింటికి చేరేసరికి ధైర్యంగా మారుతుంది. నా ప్రక్కన నిలబడు అని అడిగే పాటకు యింతకన్న తగిన దారి ఏముంటుంది?

మూడోది నేను పట్టుకున్నది: ఒకటి-అయిదు-ఆరు-నాలుగు. అయిదో గుత్తి వినగానే యిక యింటికే అనుకుంటాం. ఆరో గుత్తి మనల్ని ప్రక్కకు త్రిప్పుతుంది. 1970లో వచ్చిన ‘లెట్ ఇట్ బీ’ యిలాగే మొదలవుతుంది. రెండో పాదం ఒకటి-అయిదు-నాలుగు-ఒకటి. ఆ నాలుగు నుంచి ఒకటికి చేరే అడుగు చర్చి ప్రార్థనల చివర ‘ఆమెన్’ అనేటప్పుడు వినిపించే అడుగే. పాల్ మెకార్ట్నీకి పద్నాలుగో యేట, 1956లో, తల్లి మేరీ పోయింది. ఎన్నో యేళ్ళకు ఆమె కలలో కనిపించి ఊరడించిందనీ, పాట అందులోంచే వచ్చిందనీ ఆయనే చెప్పాడు. అదే నాలుగు గుత్తుల మీద జమైకా వాడైన బాబ్ మార్లీ 1974లో ‘నో వుమన్, నో క్రై’ పాడాడు. ఐర్లండు బృందం యు2 వారు 1987లో ‘విత్ ఆర్ వితౌట్ యూ’ నడిపారు. మూడు పాటలూ వరసగా విన్నాను. నేల ఒకటేనని మనవడు చెబితే గాని నాకు తట్టలేదు. అంత చెవి గలవాణ్ణి నేను!

మా ఆవిడకు అన్నిటిలోకీ నచ్చినది వేరు. బీటిల్స్ వారి 1965 నాటి ‘ఇన్ మై లైఫ్’లో నాలుగో గుత్తి మ-ద-స మోగిన వెంటనే, అందులోని ధైవతం ఒక్క మెట్టు క్రిందికి జారుతుంది. తక్కిన రెండు స్వరాలూ కదలవు. తరువాత యింటికి చేరుతుంది. పాత రోజులు తలుచుకునే పాట అది. “ఆగు, శుద్ధ ధైవతం పడింది! శంకరాభరణంలోకి సరసాంగి తొంగి చూసి పోయింది” అని ఆవిడ మనవడి చేత నాలుగుసార్లు వాయించింది. మనవడికి సరసాంగి పేరు తెలియదు. ఆవిడకు వారు దాన్ని ఏమంటారో తెలియదు. ఇద్దరికీ ఆ మెట్టు మాత్రం తెలిసింది.

ఇక కాపీ సంగతి. ఇది కోర్టుల దాకా వెళ్ళిన వ్యవహారమే. బ్రిటిషు గాయకుడు ఎడ్ షీరన్ 2014లో ‘థింకింగ్ అవుట్ లౌడ్’ పాడాడు. అది మార్విన్ గే 1973 నాటి ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’కు కాపీ అని, ఆ పాత పాట కట్టడంలో భాగస్వామి అయిన ఎడ్ టౌన్సెండ్ వారసులు న్యూయార్కులో దావా వేశారు. రెంటికీ ఆధారం, కొద్ది భేదంతో, ఒకటి-మూడు-నాలుగు-అయిదు బాట. షీరన్ సాక్షిగా కూర్చున్న చోటనే గిటారు వాయించి చూపాడు. ఆ పాటను అతడు స్వతంత్రంగానే కట్టాడని 2023 మే 4న జ్యూరీ తేల్చింది. గెలిచి బయటికి వచ్చి అతడు చెప్పుకున్న సంగతి ఒకటి నా మనస్సుకు తగిలింది. ఆ విచారణ కారణంగా ఐర్లండులో తన నాయనమ్మ అంత్యక్రియలకు వెళ్ళలేకపోయాడట. మరొకరు వేసిన యింకో దావాను కూడా క్రింది కోర్టు కొట్టివేసింది. ఆ తీర్పును 2024 నవంబరులో అప్పీలు కోర్టు ఖాయపరచింది. ఇటువంటి సర్వసామాన్యమైన గుత్తుల నడకను ఒకరి సొత్తు చేస్తే కొత్త పాటలకే అడ్డు వస్తుందన్నది అందులోని భావం.

దీనికి రెండో ప్రక్క కూడా ఉన్నది. ప్రోకొల్ హారమ్ బృందం 1967 నాటి ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’లో క్రింది గుత్తుల నడక గ్యారీ బ్రూకర్‌ది. దాని మీద ఆర్గన్ వరుస మాథ్యూ ఫిషర్‌ది. ఫిషర్ పేరు పాటకర్తల్లో లేదు. దాదాపు నలభై యేళ్ళ తరువాత అతడు దావా వేస్తే, 2006లో ఇంగ్లండు హైకోర్టు సంగీతంలో 40 శాతం వాటా యిచ్చింది. మధ్యలో అప్పీలులో కొంత పోయినా, 2009లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అతడి పక్షమే చెప్పింది. అంటే బాట నలుగురిదీ. దాని మీద మనం కట్టిన వరుస మనది. ఎవరి వరుసనో ఎత్తుకొచ్చి బాట నలుగురిదే గదా అంటే చెల్లదు.

రాగమూ, యీ బాటా ఒకటే అనను. రాగానికి గమకాలు, జీవస్వరాలు, నడవడి ఉన్నాయి. ఈ బాట అంతకన్న చాలా చిన్న వస్తువు. కాని మా ఆవిడ వేసిన ప్రశ్న సరైనదే. నలుగురూ వాడుకునేదాన్ని వాడుకున్నందుకు పిల్లవాణ్ణి దొంగ అన్నాను.

ఆ సాయంత్రమే వాడితో, “ఆ రోజు తెలియక అన్నానురా, తప్పే” అన్నాను. వాడు కాసేపు తీగ సవరిస్తూ ఊరుకుని, “నాకూ ఆ భయమే ఉంది తాతయ్యా. అందుకే మీరు అనగానే నిజమే అనుకున్నాను” అన్నాడు. అప్పుడు మా ఆవిడ తీర్పరి అయింది. గిటారు ఆపించి, ఆ యింగ్లీషు పాట వరుసనూ, వీడి పాట వరుసనూ విడివిడిగా వీణ మీద వాయించింది. రెండు చోట్ల కలిశాయి. తక్కినదంతా వీడిదే. ఆ రెండు చోట్లూ వాడే మార్చుకున్నాడు. స్నేహితుడు రైలెక్కే చరణం చివర నాలుగో గుత్తిలో ధైవతాన్ని ఒక మెట్టు దించాడు కూడా. అది బీటిల్స్ దగ్గర నేర్చాడా, నాయనమ్మ దగ్గర నేర్చాడా అని యీసారి నేను అడగలేదు.

చదువరులారా, మీ యిళ్ళల్లో కూడా అటక మీద ఒక గిటారో, ఫిడేలో, హార్మోనియమో ఉండవచ్చు. వీలు చూసుకుని దింపించండి. అది పైకి ఎందుకు వెళ్ళిందో కూడా ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.